పడవ మీద వంతులు

మా ఇంట్లో పిల్లలను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అప్పజెప్పేవాళ్ళు పిల్లల సంగతంతా చెప్పి చివర్లో "ఇచ్చా" అనాలి. అవతలివాళ్ళు "తీసుకున్నా" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చేవాళ్ళు అక్కడినుంచి కాలు కదపకూడదు. నేను ఆసుపత్రిలో నర్సును. వార్డులో పగటివాళ్ళు రాత్రివాళ్ళకు రోగులను అప్పజెప్పేది ఇలాగే. మా ఆయన ఫెర్రీలో ఇంజన్ మెకానిక్కు. అక్కడ డ్యూటీ మారేదీ ఇలాగే. పెద్దది పుట్టిన కొత్తలో ఇద్దరం నిద్రలేక కళ్ళు పీక్కుపోయి, "నువ్వు చూస్తున్నావనుకున్నా" అంటే "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని రోజూ పోట్లాడుకునేవాళ్ళం. ఆ పోట్లాటల్లోంచి పుట్టిన ఏర్పాటు ఇది. అప్పటినుంచి ఒక్క నిమిషం కూడా మా పిల్లలు పెద్దవాళ్ళ కన్ను లేకుండా లేరని నలుగురిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు లెండి.

అతను పగలు పనిలో ఉంటే నాకు రాత్రి డ్యూటీ. నాకు పగలు పడితే అతను రాత్రికి మార్పించుకునేవాడు. పిల్లలను పరాయివాళ్ళ దగ్గర వదలకూడదని ఇద్దరం పట్టుబట్టి చేసుకున్న ఏర్పాటే. అందరూ మెచ్చుకునేవాళ్ళు. మొగుణ్ణి పట్టుకుని నువ్వు అంటుందేమిటని మొదట్లో మూతి తిప్పిన మా అత్తగారు కూడా, పిల్లల పెంపకం దగ్గరికొచ్చేసరికి నా కోడలు బంగారం అనేది. ఆ బంగారానికి, ఆవిడ కొడుక్కి మధ్య రోజుకు రెండుసార్లు గుమ్మంలో నాలుగు ముక్కల సంభాషణ జరిగేది. అదీ పిల్లల ముక్కుల గురించి, విరేచనాల గురించి.

విడిపోదామన్న మాట కూడా ఆ గుమ్మంలోనే వచ్చింది.

"బుడ్డోడికి ముక్కు కారుతోంది, జ్వరం లేదు. పెద్దది బాగానే ఉంది. ఇచ్చా" అన్నాను, భుజానికి సంచి తగిలించుకుంటూ.

"తీసుకున్నా" అన్నాడు అతను. బూటు లేసు విప్పుతూ, తల ఎత్తకుండా, "ఎన్నాళ్ళిలా?" అన్నాడు.

"నాకూ తెలీదు."

"వేరేగా ఉందామా?"

"సరే. పిల్లలకి పడవ ప్రయాణం అని మాటిచ్చాం కదా. అదయ్యాక" అన్నాను. బస్సుకు వేళవుతోంది, మెట్లు దిగిపోయాను.

అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒక్కచోట కాసేపు ఉండాలి కదా! బస్సులో కూర్చుని, ఇప్పుడు నాకు బాధ కలగాలి అనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ ఎదురుచూశాను కూడా. ఏమీ రాలేదు. పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇస్తే పెదవి మనదో కాదో తెలియదే, అలా ఉంది లోపల. ఆ రోజు వార్డులో పని ఎప్పటికంటే చక్కగా చేశాను. ఎవరి నరం దొరకకపోయినా నన్నే పిలిచారు.

పడవ సంగతి చెప్పాలి. అది మా ఆయన బాబాయిది. నాకు చిన్నమామయ్య. పెళ్ళీ పెటాకులూ లేకుండా సముద్రం మీదే వయసంతా గడిపి, మోకాళ్ళు మొరాయించాక ఆ చిన్న తెరచాప పడవను మాకిచ్చేశాడు. లోపల ఒక కేబిన్, ముందుభాగంలో ముక్కోణపు పడక, ఒక గ్యాస్ పొయ్యి, మనిషి నిలబడితే తల తగిలే కప్పు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం దానిమీద తిరగని నీళ్ళు లేవు. పిల్లలు పుట్టాక అది రేవులో తాళ్ళకు కట్టేసి ఉంది. దాన్ని చూపించి పెద్దది పోయినేడాదినుంచి అడుగుతోంది, ఎప్పుడు తీసుకెళ్తారని. వేసవి సెలవుల్లో అన్నాం. వేసవి రానే వచ్చింది.

పెద్దదాన్ని వాళ్ళ నాన్న ఆరిందా అని పిలుస్తాడు. ఆరేళ్ళకే అరవై ఏళ్ళ మాటలు మాట్లాడుతుందని. వీడు బుడ్డోడు, మూడేళ్ళవాడు. వీడికి మాటలకంటే పరుగెక్కువ. నేల మీద ఉన్నదేదైనా నోట్లో పెట్టుకోవాలి, అంచు అనేది ఎక్కడున్నా అక్కడికి పోయి వంగి చూడాలి. ఇలాంటివాణ్ణి పడవ ఎక్కించడమంటే కొరివితో తల గోక్కోవడమే. కానీ మాట ఇచ్చాం. పైగా ఇదే చివరిది. చివరిదైనా సవ్యంగా చేద్దామనుకున్నాం ఇద్దరమూ. ఎంత బుద్ధిమంతులమో చూడండి.

ఎలాగో ఇద్దరికీ ఒకే సాయంత్రం ఖాళీ దొరికింది. వంటింటి బల్ల మీద సముద్రం మ్యాపు పరిచాం. అంచులు చుట్టుకుపోకుండా ఒక మూల ఉప్పు సీసా, ఒక మూల బుడ్డోడి చెప్పు పెట్టాం. పిల్లలు పక్కగదిలో బొమ్మలతో ఆడుతున్నారు. తలుపు ఓరగా వేసి ఉంది.

"మొదటిరోజు ఇక్కడిదాకా చాలు" అని అతను వేలు పెట్టి చూపించాడు. రేవు దాటాక ఒక చిన్న దీవి, దాని వెనక ఇసుక ఒడ్డు. "అలలు రావు. లంగరు బాగా పట్టుకుంటుంది. పిల్లలకి విసుగు పుట్టేలోపు చేరిపోతాం."

"గాలి ఎదురైతే?"

"ఇంజన్ వేస్తా. తెరచాపతోనే పోవాలని పంతం ఏమీ లేదు."

"బుడ్డోడికి వాంతులైతే?"

"అది నీ డిపార్టుమెంటు."

"మందు బయల్దేరేముందే వేస్తా. పొడి బిస్కెట్లు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు. పొయ్యి లంగరు వేశాకే వెలిగించాలి. పడవ ఊగుతుండగా వేడినీళ్ళు వద్దు."

"సరే. పడవ చుట్టూ కంచెతీగలకి వల కడతా. వీడి తల పట్టనంత చిన్న కన్నులది."

"ముందు పడకకి అడ్డంగా ఒక చెక్క కూడా పెట్టు. దొర్లి పడతారు."

"పెడతా."

ఇలా సాగింది. ఎవరైనా చూస్తే ఎంత అన్యోన్యమైన జంటో అనుకునేవాళ్ళు. ఒకరి మాట ఇంకొకరు అందుకుని, ఎక్కడా తడబడకుండా, రెండు రాత్రుల ప్రయాణాన్ని గోడ కట్టినట్టు కట్టేశాం. తడిబట్టలకు వేరే సంచి, మూతున్న బకెట్టు, ఎండ తగలకుండా గుడ్డ పందిరి, ఒక్కొక్కరికి రెండే రెండు బొమ్మలు. పని విషయంలో మేమెప్పుడూ గొడవపడలేదు. మా కర్మకాలి పనే మిగిలింది.

చివరికి వంతులు వేసుకున్నాం. పడవ నడుస్తున్నంతసేపూ ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు పిల్లల దగ్గర. రాత్రిళ్ళు లంగరు జారకుండా ఒకరు మేలుకుని చూడాలి, ఒకరు పడుకోవాలి. చక్కగా సరిపోయింది.

సరిగ్గా అప్పుడే చిన్నమామయ్య వచ్చాడు, పడవ తాళాలు ఇవ్వడానికి. మోకాలు పట్టుకుంటూ కుర్చీలో కూలబడి, మా ఏర్పాటంతా విన్నాడు.

"బాగుందమ్మాయ్, బ్రహ్మాండంగా ఉంది. మరి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి కూర్చునేది ఎప్పుడు?"

"ఎందుకు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన మా మొహాలు చూసి పకపకా నవ్వాడు. "ఒరేయ్, ఇది కాపురంరా లేక జైలు కాపలానా? సూర్యుడూ చంద్రుడూ అయినా నెలకోసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఏం, అమ్మాయ్, వీడు మొహం కడుక్కోవట్లేదా?"

నేనూ నవ్వాను. అతనూ నవ్వాడు. నవ్వడం మర్చిపోలేదు మేము, ఎక్కడ నవ్వాలో తెలుసు. పాపం ఆయనకు మా సంగతి తెలియదు. టీ తాగి, పిల్లలిద్దరి నెత్తి మీదా చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక అదే బల్ల దగ్గర, మ్యాపు ఇంకా మడవకుండానే, రెండో పని కూడా చేశాం. గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

"రేవు దగ్గర ఒక గది చూశా. ఇక్కడినుంచి ఒకే బస్సు" అన్నాడు అతను.

"పిల్లలు?"

"వారం నీ దగ్గర, వారం నా దగ్గర. ఇప్పుడు పూటలు, అప్పుడు వారాలు. పెద్ద తేడా ఏముంది?"

"వాళ్ళకి అలవాటే" అన్నాను. "ఆదివారం సాయంత్రం మారుద్దాం. పడవనుంచి వచ్చాక చెబుదాం."

"సరే."

ఆ 'సరే'లో ఏదైనా వణుకు ఉందేమోనని విన్నాను. లేదు. నాలోనూ లేదు. ఉప్పు సీసా తీసి గూట్లో పెట్టేశాను. నాకు ఆ పూట ఒక్కటే పట్టింది: పిల్లలు దెబ్బతినకూడదు. మేం ఏమైపోయినా పర్వాలేదు, వాళ్ళకు మాత్రం ఎక్కడా ఖాళీ తెలియకూడదు. ఆరేళ్ళు తెలియనివ్వలేదు, ఇకముందూ తెలియనివ్వం. ఆ ఒక్క నమ్మకం పట్టుకునే అంత తేలిగ్గా సరే అనగలిగాను.

బయల్దేరే రోజు పొద్దున్నే రేవుకు వెళ్ళాం. ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఎంత కావాలో అంతే ఉంది. మనుషులతో పనిలేకుండా వాతావరణం ఒక్కోసారి అంత మంచిగా ఉంటుంది. చెక్కల జెట్టీ పొడుగునా పడవలు వరుసగా కట్టేసి ఉన్నాయి, మాది చివర. సామాను తోపుడు బండి మీద జెట్టీ మొదట్లో పెట్టాం. చిన్నమామయ్య మంచినీళ్ళ డబ్బా నింపుతానని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మా ఆయన కేబిన్‌లో ఇంజన్‌కు మూతగా ఉండే మెట్లపలక తీసి గుంటలో తల పెట్టాడు. నేను పిల్లలిద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, కాళ్ళమధ్య పట్టీ కూడా బిగించి, రెండుసార్లు లాగి చూశాను.

పడవ పక్కన నిలబడి లోపలికి కేకేశాను. "బుడ్డోడికి మందు వేశా, మూత్రం పోయించా, జాకెట్ వేశా. పెద్దది బాగానే ఉంది. ఇద్దరూ జెట్టీ మీద, నీ పక్కనే. ఇచ్చా."

"తీసుకున్నా" అని వినిపించింది.

నేను బండి దగ్గరికి నడిచాను.

తిన్నగా చెబుతున్నాను, నాకు కళ్ళు లేకపోలేదు. అతని తల ఇంజన్‌లో ఉందని నేను చూశాను. మోచేతిదాకా నూనె ఉందని చూశాను. కానీ మాట వచ్చింది కదా. ఆ మాట వచ్చాక నేను ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసినదాన్ని కాదు. వంతు అయిపోయింది, బాధ్యత దిగిపోయింది, నడిచాను.

రెండు సంచులు భుజానికెత్తుకుని మూడోది పట్టుకోబోతుంటే, దబ్బుమని నీళ్ళ చప్పుడు. పెద్ద చప్పుడేం కాదు. బకెట్టు పడితే వచ్చేంత. తిరిగి చూస్తే బుడ్డోడు లేడు. పెద్దది జెట్టీ అంచున బోర్లా పడుకుని ఉంది. ఒక చెయ్యి భుజందాకా కిందికి వేలాడుతోంది. ఇంకో చేత్తో తాడు కట్టే ఇనుప కొక్కేన్ని కరుచుకుంది. అరవలేదు అది. పళ్ళు బిగపట్టి ఉంది.

నా కాళ్ళు ఎలా పరుగెత్తాయో నాకు తెలియదు. వాడు జాకెట్‌తో తేలుతూనే ఉన్నాడు, కానీ పడవకూ జెట్టీకీ మధ్య. పడవ మెల్లగా జెట్టీ వైపు ఊగి వస్తోంది. ఎన్ని క్వింటాళ్ళ బరువో ఆ పడవ! ఎక్కణ్ణుంచి వచ్చాడో చిన్నమామయ్య, ఆ పాడు మోకాళ్ళతోనే కింద చతికిలబడి, రెండు కాళ్ళూ పడవకు తన్నిపెట్టి నెట్టాడు. అప్పటికి మా ఆయన పైకొచ్చాడు. వంగి, జాకెట్ మెడ దగ్గరి పట్టీ పట్టుకుని వాణ్ణి ఒక్క గుంజు గుంజి జెట్టీ మీద పడేశాడు. వాడు రెండుసార్లు దగ్గి, నీళ్ళు కక్కి, ఆకాశం చిల్లు పడేలా ఏడుపు లంకించుకున్నాడు. ఏడుస్తున్నాడంటే ఊపిరి బాగుందన్నమాట.

బట్టలు విప్పాను, తుడిచాను, ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను, గోళ్ళ రంగు చూశాను, పొడి బట్టలు తొడిగాను. వాడు వెక్కుతూనే బిస్కెట్ అడిగాడు. ఇచ్చాను. నా చేతులు వణకలేదు. అప్పటికీ ఏమీ అనిపించలేదు నాకు. దానికే ముందు భయం వేసింది. కొడుకు నీళ్ళలో పడితే గుండె కొట్టుకోని తల్లి ఉంటుందా?

ఆ భయం కోపమై మా ఆయన మీదికి పోయింది.

"తీసుకున్నా అన్నావు!"

"అన్నానా?" అన్నాడు అతను. మొహం తెల్లబోయి ఉంది. అబద్ధమాడటం లేదు. నిజంగానే తెలియదు అతనికి.

"అన్నావు! నేను విన్నాను. వినకుండా నేను కదులుతానా?"

"నోరు అనేసి ఉంటుంది. నేను వినలేదు."

"నోరు అనేస్తే సరిపోతుందా? చిలకను పెంచుకున్నా అంటుంది ఆ మాట!"

"నువ్వు చూశావు కదా నేను ఇంజన్‌లో ఉన్నానని! కళ్ళతో చూస్తూ ఎలా వదిలేశావు?"

"నువ్వు తీసుకున్నా అన్నాక అది నా వంతు కాదు!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చి, నాకే వినపడింది. కన్నబిడ్డ నీళ్ళలో మునిగినా రూలు ప్రకారం నా తప్పు లేదని నిరూపిస్తున్నాను. మాకంటే ఘనులు ఇంకెవరుంటారు!

"కొట్లాటలు తర్వాత" అన్నాడు చిన్నమామయ్య, ఇంకా కిందే కూర్చుని ఆయాసపడుతూ. "ముందు ఆ పిల్ల చెయ్యి చూడండి."

పెద్దది అక్కడే చెక్కల మీద కూర్చుని ఉంది. కుడిచేతి మణికట్టుకు సన్నని తాడు బిగుసుకుపోయి, చుట్టూ తోలు లేచి ఎర్రగా నెత్తురు ఊరుతోంది. ఆ తాడు రెండో కొస బుడ్డోడి జాకెట్ వీపు కొక్కేనికి ముడివేసి ఉంది. నేను జాకెట్ విప్పి పక్కన పడేసినప్పుడు కూడా చూసుకోలేదు. తెరచాప సంచి మూతి బిగించే తాడు అది. వాడు పడేసరికి పెద్దది బోర్లా పడి, ఈడ్చుకుపోతూ కొక్కెం పట్టుకుందన్నమాట. ఆ తాడు లేకపోతే వాడు పడవ కిందికి పోయేవాడు.

ముడి విప్పుతుంటే నా వేళ్ళకు రావడం లేదు. గట్టి ముడి.

"ఎవరు కట్టారే ఇది?"

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు బండి దగ్గరికి వెళ్తుంటే."

"ఎందుకు తల్లీ?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది నన్ను. "మీరు మారుతున్నారు కదా. మారేటప్పుడు మధ్యలో నాది."

"ఏది నీది?"

"వంతు."

మా ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏం వంతమ్మా? నాకు చెప్పు."

అది చెప్పింది. మేము గుమ్మంలో ఒకరికొకరు చెప్పుకుంటామే, అచ్చం అలాగే చెప్పింది, వరసగా, ఏ ఎక్కువా తక్కువా లేకుండా. "అమ్మ వెళ్ళిపోయాక నాన్న బూట్లు విప్పుతాడు, మొహం కడుక్కుంటాడు, కుర్చీలో కూర్చుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ పిలిస్తే పలకడు. అప్పుడు నేను బుడ్డోణ్ణి చూస్తా. అమ్మ వచ్చాక బాత్రూమ్‌లో తలుపేసుకుంటుంది. కుళాయి తిప్పి ఉంటుంది కానీ స్నానం చెయ్యదు. తల తడవదు. అప్పుడూ నేను చూస్తా. అమ్మ బయటికొచ్చాక నేను పడుకుంటా."

బాత్రూమ్‌లో నేను ఏం చేస్తానో నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ఏమీ చెయ్యను. మూత దించి దాని మీద కూర్చుంటాను, నీళ్ళ చప్పుడు వింటూ. ఎంతసేపో నాకే తెలియదు. తలుపు అవతల ఇది నిలబడి ఉంటుందని, వాణ్ణి పొయ్యి దగ్గరికి పోకుండా పట్టుకుని ఉంటుందని, నాకు ఒక్కసారైనా తట్టలేదు. పెద్దది బాగానే ఉంది అని అప్పజెప్పేదాన్ని. రోజూ, రెండు పూటలా. దాని టీచరు ఒకసారి, పాప క్లాసులో నిద్రపోతోందండీ అంటే, ఎదిగే వయసు కదా అన్నాను. నర్సును నేను!

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగాడు మా ఆయన.

"వీడు పాకినప్పటినుంచి. నేను బాగానే చూస్తున్నా కదా? ఒక్కసారే మెట్ల మీదినుంచి పడ్డాడు, దెబ్బ తగల్లేదు."

"బాగా చూశావు" అన్నాడు చిన్నమామయ్య.

అది తల ఊపింది. మెచ్చుకోలు అందుకుంది, పొంగిపోలేదు. తర్వాత, మా మొహాలు బాగోలేవని గమనించి కాబోలు, మాకు ధైర్యం చెప్పబోయింది.

"ముడి కూడా నేర్చుకున్నా. మీరు రెండు ఇళ్ళకి మారాక మధ్యలో ఎక్కువసేపు ఉంటుంది కదా. బస్సు కూడా ఉంటుంది. వాడు బస్సు దిగి పరుగెత్తితే నేను పట్టుకోలేను. అందుకని తాడు."

చిన్నమామయ్య మా ఇద్దరి వైపూ చూశాడు. బుడ్డోణ్ణి చంకనెత్తుకుని, "పదరా, అక్కడ పెద్ద ఓడ వచ్చింది చూద్దాం" అంటూ కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు మత్తు వదిలింది నాకు. ఎక్కడో కాదు, సరిగ్గా రొమ్ముల మధ్య మొదలైంది నొప్పి. వీపులోకి పోయింది, గొంతులోకి వచ్చింది. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎదురుచూసిన బాధ ఇదే. ఇంత ఉంటుందని తెలిస్తే ఎదురుచూసేదాన్ని కాదు. జెట్టీ చెక్కల మీద కూలబడి, దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని తెలుసు. చూడనీ.

"అమ్మా, నొప్పి లేదు, మంటే" అంది అది.

చెయ్యి కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టాను. ఈసారి ముడి నాకు కుదరలేదు. మా ఆయన గుడ్డ కొస పట్టుకున్నాడు. అతని నూనె వేళ్ళ మరకలు దాని మీద పడ్డాయి. ఇంకోసారైతే తిట్టేదాన్ని.

"నిద్ర వస్తోందా?" అని అడిగాడు అతను దాన్ని.

ఆలోచించింది. "వస్తోంది. కానీ బుడ్డోడు..."

"తాత దగ్గర ఉన్నాడు. వచ్చాక మేం చూస్తాం."

"ఎవరు?"

"ఇద్దరం."

"ఇద్దరూ ఒకేసారా?" అంది. నమ్మలేదు. దానికి ఆరేళ్ళు, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు పాపం. "మరి ఎవరు పడుకుంటారు?"

"నువ్వు" అన్నాను.

పడవలోకి దింపి ముందుభాగంలో పడుకోబెట్టాం. అతను కొట్టిన అడ్డచెక్కకు ఇవతల, కింద నేల మీద, ఇద్దరం కూర్చున్నాం. అక్కడ ఇద్దరికి చోటు లేదు. అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది. ఎన్నాళ్ళయిందో.

"ఆ వారాల సంగతి..." అన్నాడు అతను.

"వద్దు" అన్నాను. "ఉంటే ఉందాం, పోతే పోదాం. కానీ మధ్యలో దాన్ని నిలబెట్టే ఏర్పాటు ఏదీ వద్దు."

అతను సరే అనలేదు. మొహం చేతుల్లో పెట్టుకుని, పిల్లకు వినపడకుండా ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు. మేం కలిసి ఉంటామో లేదో ఆ పూట నాకు తెలియదు, అతనికీ తెలియదు. బయట గాలి బాగుంది. చిన్నమామయ్య బుడ్డోణ్ణి తెచ్చి నా ఒళ్ళో పడేసి, ఇవాళ్టికి మీరు కదలరని నాకు తెలుసులే అని సణుగుతూ సామాను తేవడానికి పోయాడు. తెరచాపకు తొడుగు కూడా విప్పలేదు మేము.

పెద్దది మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచింది. తల కదపలేదు. ముందు తమ్ముణ్ణి చూసింది, తర్వాత నన్ను, తర్వాత వాళ్ళ నాన్నను. ఇద్దరమూ మేలుకునే ఉన్నామా లేదా అని ఒక్కొక్కరి కళ్ళలోకీ విడివిడిగా చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ సాయంత్రం దాకా లేవలేదు.